వోల్టేజీ జోలికి పోలేదు

నందిగామ బస్టాండు ఎదురు సందులో నాదో చిన్న వీడియో మిక్సింగ్ షాపు. పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, సమాధి కార్యక్రమాలు... ఏది తెచ్చినా పాటలు కలిపి, తెర నిండా పూలు జల్లి ఇస్తాను. నా కంప్యూటర్‌కి ఎనిమిదేళ్ళు. కొత్తది కొనమని నా భార్య మహిమ పోరుతూనే ఉంది. తను జగ్గయ్యపేటలో టీచరు, మా ఇల్లూ అక్కడే. నేనేమో ఉన్నదాన్ని చివరి చుక్క దాకా పిండుకునే రకం.

ఆ శనివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మర్నాడు కీసరలో ఫ్రాన్సిస్ మాస్టారి తల్లి పుల్లమ్మగారి జ్ఞాపకార్థ కూడిక. పావుగంట వీడియో తయారుచెయ్యడానికి నా ముసలి పెట్టెకి మూడు గంటలు కావాలి. విసుగొచ్చి, హార్డ్‌వేర్ పని చూసే సతీష్‌బాబుకి ఫోన్ చేశాను.

"ప్రాసెసర్ వేగం కాస్త పెంచుకో అన్నా. 3.4 గిగాహెర్ట్జ్ ఉన్నదాన్ని 3.6 చెయ్. వోల్టేజీ జోలికి మాత్రం పోమాక."

"కాలిపోద్దేమో?"

"వోల్టేజీ పెంచితే కాలుద్ది. ఇట్టా అయితే మహా అయితే ఎక్కడన్నా లెక్క తప్పుద్ది, ఆగిపోద్ది. అంతే."

సెట్టింగుల్లోకి వెళ్ళి వేగం రెండు మెట్లు పెంచాను. వోల్టేజీని ముట్టుకోలేదు. వేడి చూస్తే అరవై రెండు డిగ్రీలే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక పరీక్షించి చూడాలి. పుల్లమ్మగారి ఫొటో సాయంత్రం పంపుతానన్నారు మాస్టారు. పూలదండ ఫ్రేము ఖాళీగా ఉంది. మా పనిలో ఆ ఫ్రేముని పరీక్షించాలంటే ఏ గులాబీ బొమ్మో పెడతాం గానీ బతికున్న మనిషిని పెట్టం. నేను తొందరలో ఎదురుగా కనబడ్డ ఫొటో లాగి అందులో పడేశాను. అది నా కూతురు జాయిస్‌ది. ఆరేళ్ళ పిల్ల. తర్వాత తీసేసేదే కదా అనుకున్నాను. ఆ తప్పు నాదే, ఇంకెవరి మీదకీ నెట్టను.

'ప్రభువునందు నిద్రించినది' అన్న మాట పక్కన తేదీ ఖాళీగానే ఉంచాను. ఒక్క నిమిషం వీడియో చెయ్యమని బటన్ నొక్కాను.

ఫ్యాను హోరెత్తింది. ముందు కాలిన దుమ్ము వాసన వచ్చింది. తర్వాత లిల్లీపూల వాసన. దాని వెనకే కొత్త వార్నిష్ వాసన... శవపేటికలు చేసే చోట వచ్చేది. సందులో చూశాను. ఎవరూ లేరు.

వీడియో తెరిచాను. దండలో జాయిస్ నవ్వుతోంది. కింద తేదీ ఉంది. ఆ రోజుదే.

లెక్క తప్పిందనుకున్నాను.

ఆ తర్వాత తెర మీద పూలు రాలాలి. రాలలేదు. జగ్గయ్యపేటలో మా ఇంటి హాలు కనిపించింది. గోడ వెంట తెల్లబట్టల మనుషులు. మధ్యలో చిన్న పెట్టె. దాని అంచు మీద తల పెట్టుకుని మహిమ. పెట్టెలో పసుపు రంగు గౌను. అలాంటి గౌను మా పిల్లకి లేదు.

వేగం మళ్ళీ 3.4కి దించాను. ఇంకోసారి చేశాను. అదే హాలు. ఫొటో తీసేసి చేశాను. ఫొటో అందులోనే ఉంది. కరెంటు వైరు పీకేశాను.

తెర ఆరిపోయింది. కంప్యూటర్ పెట్టెలో ఫ్యాను తిరుగుతూనే ఉంది...

మహిమకి ఫోన్ చేశాను. బస్సు హోరులోంచి మాట్లాడింది.

"మీ దగ్గరికే వస్తన్నామండీ. జాయిస్‌కి చెప్పులు కొందామని. చిల్లకల్లు దగ్గరికొచ్చాం."

"దిగండి. ఇప్పుడే దిగిపోండి."

"ఈ ఎండలోనా? ఏమైంది?"

"దిగు మహిమా... నీకు దణ్ణం పెడతా."

ఫోన్ కట్టయింది. మళ్ళీ కలవలేదు. దిగమని తప్పు చేశానా? బస్సులోనే ఉంటే బాగుండేదా? హైవే మీద నిలబెట్టానా పిల్లని? నేల మీద మోకరించాను. 'తండ్రీ' అన్న మాట దాటి ప్రార్థన ముందుకి సాగలేదు. భయంతో ఏడ్చాను.

నలభై నిమిషాలకి ఆటో ఆగింది. జాయిస్ దిగింది. బతికి ఉంది. పసుపు రంగు గౌనులో ఉంది.

"పొద్దున స్కూల్లో ఉషశ్రీ టీచర్ ఇచ్చిందండీ. బాగుందా?" అంది మహిమ.

ఇద్దరినీ లోపలికి లాగి షట్టర్ దించేశాను. అంతా చెప్పాను. మహిమ నవ్వబోయింది. పీకేసిన వైరు చూసింది, తిరుగుతున్న ఫ్యానుని చూసింది. పిల్ల గౌను విప్పేసి, నా చొక్కా తొడిగింది. గౌనుని చెత్తబుట్టలో కుక్కింది.

ఇంటికి వెళ్దామంటే ఇంట్లో ఆ హాలుంది. దారిలో లారీలున్నాయి. ఎటు కదిలినా అటే వెళ్తున్నట్టుంది. పిల్లని ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఏడయింది. ఆ తేదీ దాటడానికి ఇంకా ఐదు గంటలున్నాయి.

"నాన్నా..." జాయిస్ నా చెవిలో గుసగుసలాడింది. "ఇందాక మేం బస్సు దిగినప్పుడు పిలిస్తే పలకలేదేం?"

"నేనెక్కడున్నానమ్మా అక్కడ?"

"ఉన్నావుగా. కెమెరా పట్టుకుని నన్నే తీస్తన్నావు."

మహిమ వైపు చూశాను. తను తల దించుకుంది.

"ఎండకి కళ్ళు తిరిగాయనుకున్నా..." అంది చాలా మెల్లిగా. "నాకూ కనిపించారండీ."

బయట అడుగుల చప్పుడు లేదు. షట్టర్ కింద ఖాళీలో మాత్రం ఎర్రటి చిన్న లైటు వెలిగింది. రికార్డింగ్ మొదలైతే కెమెరాకి వెలిగే లైటు.

జాయిస్ నా ఒళ్ళోంచే దానికేసి నవ్వుతూ చెయ్యి ఊపింది.