పహిల్వాన్ పళ్లెం

తెల్లవారుతూనే జనగామలోని జలీల్ పహిల్వాన్ ఇంట్లో రోలు మోగేది. ఖైరున్నీసా నానబెట్టిన బాదం పప్పుల పొట్టు తీసి, మెత్తగా నూరి, చెంబెడు బర్రెపాలలో కలిపి, పైన ఇంత నెయ్యి వేసి ఎదురుచూసేది. జలీల్ కుస్తీ సాధన చేసే తాలీంలో ఐదు వందల బస్కీలు తీసి, ఒంటినిండా ఎర్రమట్టితోనే వచ్చి, నిలబడే గటగటా తాగేవాడు. ఆ తర్వాత మాంసం, గుడ్లు, నెయ్యి రాసిన రొట్టెలు. ఆయన తిని లేచాకే మిగతావాళ్లకు పళ్లేలు పడేవి. వాటిలో గంజి, పచ్చిపులుసు, ఎప్పుడన్నా ఇంత పప్పు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఇదే పద్ధతి.

జలీల్ కళాయి పోసేవాడి కొడుకు. అంబలికి కూడా కరువైన ఇంట్లో పుట్టాడు. పదహారో ఏట వరంగల్లో ఒక ఉస్తాద్ చేరదీసి లంగోటా కట్టించాడు. ముందు సంతల్లో, తర్వాత జాతరల్లో కుస్తీ పట్టాడు. నర్సింహులపేటలోనైనా, కొడకండ్లలోనైనా డప్పులు మోగాయంటే బరిలో ఆయన ఉండాల్సిందే. గెలిస్తే వెండి కడియం, తలపాగా, ఒక్కోసారి కోడెదూడ. అదే ఆ ఇంటి బతుకుదెరువు. తన ఒళ్లే తమ పొలమనీ, దానికి నీళ్లు పారితేనే ఇంట్లోకి గింజలొస్తాయనీ పెళ్లయిన కొత్తలోనే భార్యకు చెప్పాడు. ఆమె నమ్మింది. రంజాన్ నెలలో రోజాల ఉపవాసం పహిల్వాన్లకు మాఫీ అని ఆయనే తీర్పు చెప్పుకుంటే, దాన్నీ నమ్మింది.

కూతురు తరన్నుమ్ ఐదేళ్లప్పుడు పాలగిన్నెలో వేలు పెట్టి మీగడ నాకింది. జలీల్ ఆ వేలు పట్టుకుని, బరిలో ఎదుటివాడి వేలు వంచినట్టే వెనక్కి వంచాడు. చిటుక్కుమని చప్పుడైంది. పిల్లకు పన్నెండేళ్లొచ్చినా ఆ వేలు వంకరగానే ఉండిపోయింది. ఆ రోజు ఖైరున్నీసా పసుపుగుడ్డ కట్టు కట్టి, పిల్ల ఏడుస్తూ నిద్రపోయేదాకా ఒళ్లో పెట్టుకుంది. మర్నాడు మళ్లీ బాదం నూరింది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. బడులు మూతపడ్డాయి. బందులతో, కర్ఫ్యూలతో జాతరల్లో కుస్తీలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎంతో కాలంగా జలీల్ కాచుకున్న మానుకోట దంగల్, ఆ పెద్ద కుస్తీ పోటీ కూడా వాయిదా పడింది. నలభై ఐదేళ్ల మనిషికి ఇక అదే ఆఖరి కుస్తీ అని ఊరందరికీ తెలుసు, ఆయనకు తప్ప. పట్టు పట్టడానికి మనిషి దొరక్క ఆ కసి ఇంటిమీదికి మళ్లింది. కాలేజీ మూతపడి ఇంట్లో ఉన్న పద్దెనిమిదేళ్ల కొడుకు వాజిద్‌ను తాలీంకు ఈడ్చుకెళ్లి, మెడ పట్టి మట్టిలో కుక్కేవాడు. రివటలాంటి ఆ పిల్లవాడు ఊపిరాడక కొట్టుకుంటుంటే, నా కడుపున ఆడపిల్లలే పుట్టారని నలుగురూ వినేట్టు అనేవాడు.

ఒకరోజు పొద్దున చెంబు అందుకుంటూ వాజిద్ ఏడని అడిగాడు. రైల్వే స్టేషన్ దగ్గర విద్యార్థులు పందిరి వేశారనీ, రోజుకు ఐదుగురు నిరాహార దీక్షకు కూర్చుంటున్నారనీ, ఇవాళ మనవాడి వంతు వచ్చిందనీ ఖైరున్నీసా భయపడుతూనే చెప్పింది.

జలీల్ చెంబు నోటిదాకా తీసుకుపోయి ఆగాడు.

“పహిల్వాన్ కొడుకు బజార్ల ఆకలితోని కూసుంటడా?” అన్నాడు మెల్లగా. “జలీల్ ఇంట్ల తిండి లేదని ఊరికి చెప్తున్నడా?”

ఆ చెంబు పట్టుకునే బయటికి నడిచాడు. ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని వెనకే పరుగెత్తింది.

ఆమె వెళ్లేసరికి పందిరిలో జలీల్ కొడుకు గుండెమీద మోకాలు ఆనించి, దవడలు నొక్కి, చెంబు నోట్లో కుక్కుతున్నాడు. అడ్డం వచ్చిన లక్ష్మీకాంత్‌ను, అంటే ఆ దీక్షలు నడిపిస్తున్న కొడకండ్ల పిల్లవాణ్ణి, ఒక్క చేత్తో అవతల పడేశాడు. ఇత్తడి అంచు తగిలి వాజిద్ ముందుపన్ను విరిగింది. పాలు, నెత్తురు కలిసి చొక్కా మీదికి కారాయి. వాజిద్ తిరగబడలేదు. తండ్రి చెయ్యి వదలగానే నోట్లో ఉన్నదంతా ఉమ్మేసి, లేచి, తన చోట తాను మళ్లీ కూర్చున్నాడు.

“నా దీక్ష పొద్దుమూకేదాంక ఉన్నది అబ్బా,” అన్నాడు వాచిన పెదాలతో. “నువ్వు పోయి తిను.”

ఇరవై ఏళ్లుగా ఆ మనిషిని భుజాలమీద మోసిన ఊరు, తలలు పక్కకు తిప్పుకుంది.

ఇంటికొచ్చి జలీల్ ఎప్పటిలాగే పీట వాల్చుకుని కూర్చుని పళ్లెం పెట్టమన్నాడు. ఖైరున్నీసా వంటింటి గడపలోనే నిలబడింది. మళ్లీ అడిగాడు. ఆమె కదల్లేదు. తరన్నుమ్ గోడకు అతుక్కుపోయి ఇద్దరినీ చూస్తోంది.

“జోయా జ్వరంతోని పోలే,” అంది ఖైరున్నీసా.

జోయా వాళ్ల మూడో బిడ్డ. ఎనిమిదేళ్ల కింద ఆయన కాటారం దంగల్‌కు తయారవుతున్నప్పుడు పుట్టింది, మూడు నెలలు బతికి, ఆయన కాటారం బయల్దేరిన రోజే పోయింది. ఆయన గెలిచి, కడియం తొడుక్కుని ఇల్లు చేరేసరికి పిల్లను మట్టి చేసి నాలుగు రోజులైంది. ఏమైందని ఆయన అడిగితే జ్వరమని చెప్పింది. ఆయన రెండోమాట అడగలేదు.

“గంజి తాగేదాని రొమ్ముల పాలెక్కడికెల్లి వస్తయి? ఎండిపోయినయి. ఇంట్ల బర్రె ఉన్నది. రెండు పూటల పాలు నీ చెంబులకే పోయినయి. పిల్లకు గిన్ని నీళ్లపాలు పోద్దామని గిన్నె దించితే నువ్వు చూసినవు. దంగల్ కానీ, అటెన్క పోద్దువు అన్నవు. యాదికున్నదా?”

జలీల్ లేచాడు. చెయ్యి పైకి లేచింది. ఆమె ముఖం పక్కకు తిప్పలేదు.

“కొట్టు. నీ ఒక్కనిదే తప్పు అంటలేను. నువ్వు వద్దన్నవు, నేను విన్న. నా బిడ్డ ఆకలితోని సచ్చిపోతుంటే పక్కనే కూసోని నీకు బాదంపాలు నూరిన. ఖుదా ముంగట నేనేం చెప్పుకుంటనో నాకే తెల్వదు. ఇయ్యాల నా కొడుకు నోట్ల నెత్తురు చూసినంక ఇంక నాతోని కాదు. నీ పళ్లెం నువ్వే పెట్టుకో.”

లేచిన చెయ్యి అట్లాగే కాసేపు గాలిలో ఉండి, కిందికి వాలింది. జలీల్ చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి పోయాడు. ఆ రోజంతా ఇంటికి రాలేదు. వాజిద్ కూడా రాలేదు, లక్ష్మీకాంత్ గదిలోనే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున జలీల్ పందిరి ముందు కనబడగానే పిల్లలంతా లేచి నిలబడ్డారు. కొట్టడానికి రాలేదనీ, ఇవాళ తననూ కూర్చోనిమ్మనీ ఆయన లక్ష్మీకాంత్‌ను అడిగాడు. ఆ పిల్లవాడు నిన్నటి తోపుకు కమిలిన మోచేయి తడుముకుంటూనే చాపమీద చోటు చూపించాడు. వాజిద్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దూరంగా జనంలో నిలబడ్డాడు. తండ్రి వైపు చూడలేదు.

మధ్యాహ్నానికే జలీల్‌కు చేతులు వణకడం మొదలైంది. కళ్లు తిరిగి రెండుసార్లు పక్కనున్న పిల్లవాడి మీదికి ఒరిగాడు. చూసి నవ్వినవాళ్లు కూడా ఉన్నారు. పహిల్వాన్ ఒక్క పూట ఆకలికి కూడా ఆగలేకపోయాడని ఎవరో అన్నారు. ఆయన మళ్లీ నిటారుగా సర్దుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఖైరున్నీసా వచ్చింది. రోజూ దీక్ష విరమించే పిల్లలకు తల్లుల చేతే నిమ్మరసం ఇప్పించేవారు. లక్ష్మీకాంత్ ఆమెకూ ఒక గ్లాసు ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. ఆమె మొగుడి ముందు కూర్చుంది. ఆయన గ్లాసు అందుకోలేదు.

“ఎన్ని దినాలు ఏడ్చింది?” అన్నాడు.

ఎవరి గురించో ఆమెకు అర్థమైంది.

“పదకొండు దినాలు. ఆఖరి రెండు దినాలు ఏడ్వలే. సత్తువ లేకుండె.”

జలీల్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ముందు చప్పుడు రాలేదు. తర్వాత ఆ పెద్ద ఒళ్లంతా కుదిపేస్తూ ఏడుపు వచ్చింది. ఎముకలు విరిగినా కిక్కురుమనని మనిషి పసిపిల్లవాడిలా వెక్కిళ్లు పెట్టి ఏడ్చాడు. తనొక్కతే తప్ప ఇంకెవరూ ఏడవని బిడ్డ కోసం ఎనిమిదేళ్లకు ఇంకొక మనిషి ఏడుస్తున్నాడని ఖైరున్నీసాకు అప్పుడు తెలిసింది. ఆమెకూ కన్నీళ్లు ఆగలేదు. మాఫ్ చేసినట్టు ఆమె అనలేదు, చెయ్యమని ఆయన అడగలేదు. గ్లాసు ఆయన పెదాలకు ఆనించింది. ఒక గుక్క తాగాడు, దిగలేదు, గడ్డం మీదికి కారిపోయింది. ఆమె కొంగుతో తుడిచి మళ్లీ పట్టింది.

“జర మెల్లగ తాగు,” అంది. “ఇంటికి పోదాం. ఏముంటే గదే నలుగురం ఒక్కతాన కూసోని తిందాం.”

ఆయన లేవబోయి తూలాడు. జనంలోంచి వాజిద్ వచ్చి, ఒక్క మాటా అనకుండా, తండ్రి చంకలో చెయ్యి వేసి లేపి నిలబెట్టాడు.