ఈ కంప్యూటర్‌ను ఇంకొకరు వాడుతున్నారు

ఉదయం ఎనిమిదీ నలభైకి డార్ట్‌మత్ నుంచి హాలిఫాక్స్ వచ్చే ఫెర్రీలో, కిటికీ పక్కన కూర్చున్న లీమన్ సురెట్ తల వాల్చేశాడు. నిద్రపోయాడనుకున్నారు అందరూ. ఫెర్రీ ఒడ్డుకు చేరి జనం దిగిపోయాక, సిబ్బందిలో ఒకామె భుజం తట్టి లేపబోతే చేతికి రక్తం అంటింది. సైలెన్సర్ బిగించిన పిస్తోలు. ఒకే గుండు.

తొమ్మిదిన్నరకల్లా ఆ కబురు గ్వెన్ మెకైజాక్‌కు చేరింది. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో పంతొమ్మిదేళ్ల సర్వీసు ఆమెది. లీమన్ నౌకాదళం డాక్‌యార్డులో ఇంజనీరు. పరాయి జలాంతర్గాములను పసిగట్టడానికి రేవు అడుగున అమర్చిన పరికరాల నక్షాలను దొంగిలించి ఒక విదేశీ ముఠాకు అమ్మజూపాడు. తరవాత భయపడి, ఆరు వారాల కిందట గ్వెన్ దగ్గరికొచ్చి ఏడ్చాడు. ఇవాళ అన్నీ అప్పగిస్తానన్నాడు.

చీఫ్ ఆల్డెన్ కోమో బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు. బారింగ్టన్ వీధిలో లీమన్ అద్దెకు తీసుకున్న గదిలో ఒక కంప్యూటర్ ఉంది. లీమన్ చెప్పినదాని ప్రకారం అందులో నాలుగు పేర్లతో నాలుగు క్లౌడ్ ఖాతాలు, నాలుగింట్లోనూ నక్షాలు. సరిగ్గా పన్నెండింటికి ఒక లింకు దానంతటదే తెరుచుకుని వాటిని కొనేవాడి చేతిలో పెడుతుంది. కంప్యూటర్‌ను పగలగొట్టినా లాభం లేదు, ఫైళ్లున్నది ఎక్కడో సర్వర్లలో. స్టోరేజీ కంపెనీ కోర్టు ఆర్డరు లేనిదే ముట్టుకోనంటోంది. పైగా ఖాతాలు ఆ ఒక్క కంప్యూటర్‌నే నమ్ముతాయి. అక్కడే కూర్చుని నక్షాలు తీసెయ్యాలి.

"మరి పాస్‌వర్డులు?"

"వలేరీ దగ్గరున్నాయి. అక్కడే నీకోసం చూస్తుంటుంది."

గ్వెన్ మొహం చిట్లించింది. వలేరీ డ్యుగే ఆ ముఠాలోనే ఉంటూ రెండేళ్లుగా వీళ్లకు రహస్యాలు చేరవేస్తోంది. ఆమె నవ్వితే రాయబారుల చేతుల్లోంచి గ్లాసులు జారిపోతాయని ఆఫీసులో చెప్పుకుంటారు. గ్వెన్‌కు మాత్రం ఆ నవ్వు ఎప్పుడూ పడలేదు.

పదీ ఇరవైకి నారింజరంగు కోటు తొడుక్కుని, నడుముకు పనిముట్ల బెల్టు కట్టుకుని, ఇంటర్నెట్ మరమ్మతుకొచ్చిన మనిషిలా తలుపు తట్టింది.

"ఈ ఏడాది లాబ్‌స్టర్లు బాగా పడుతున్నాయా?" లోపలినుంచి ఆడగొంతు, సంకేతం అడుగుతూ.

"మా మావయ్య పడవ అమ్మేశాడు."

తలుపు తెరుచుకుంది. ఆకుపచ్చ పట్టు చొక్కా, చెవులకు ముత్యాలు. "ఆ రంగు నీకు భలే నప్పింది గ్వెన్," అంది వలేరీ.

"వెక్కిరింతలు తరవాత. మొదటి పాస్‌వర్డు చెప్పు."

మొదటి ఖాతా తెరుచుకుంది. రెండోది తెరవబోతే, ఒకసారికి ఒక ఖాతానే పనికొస్తుందంది క్లౌడ్ ప్రోగ్రాము. మొదటి దాంట్లోంచి బయటికొచ్చి రెండో దాంట్లోకి వెళ్లేసరికి ఫోల్డర్లన్నీ మళ్లీ మొదటినుంచి డౌన్‌లోడ్ కావడం మొదలుపెట్టాయి. పదిహేను నిమిషాలు చక్రం తిరుగుతూనే ఉంది. ఇలా కాదని బ్రౌజర్‌లో ప్రయత్నించింది. పక్కపక్క ట్యాబుల్లో రెండు ఖాతాలు తెరిస్తే, రెండో పేరు మొదటి పేరును మింగేసింది. ఏ ఫైలు నొక్కినా "మీకు అనుమతి లేదు" అంటోంది. మూడోదాని పాస్‌వర్డును వలేరీ రెండుసార్లు తప్పు చెప్పింది. ఇరవై నిమిషాలు ఆగి రమ్మంటూ ఆ ఖాతా తలుపేసుకుంది.

గ్వెన్‌కు ఒళ్లు మండిపోయింది. బెర్లిన్‌లో ఓసారి బాంబు విప్పింది. దానికైనా తీగలు రెండే ఉన్నాయి.

చెవిలోని ఇయర్‌పీసులో కోమో ఎంతవరకొచ్చిందని అడిగాడు. గ్వెన్ చెప్పిన జవాబు అధికారిక రికార్డులో రాయదగ్గది కాదు.

ఆఖరికి ఆమెకు ఉపాయం తట్టింది. ఒక్కో ఖాతాకు బ్రౌజర్‌లో ఒక్కో ప్రొఫైల్ విడిగా తయారుచేసి, నాలుగు విండోలకు నాలుగు రంగులు పెట్టింది. ఇక ఒకదాని గొడవ ఇంకోదానికి పట్టలేదు. పదకొండూ నలభైకి నాలుగు ఖాతాలూ తెరమీద బుద్ధిగా నిలబడ్డాయి. నక్షాలన్నీ చెరిపేసి కుర్చీలో వెనక్కి వాలింది.

ముప్పై సెకన్లలో నక్షాలు మళ్లీ ప్రత్యక్షమయ్యాయి.

చెరిపింది. వచ్చాయి. మళ్లీ చెరిపింది. మళ్లీ వచ్చాయి. ఏం చేస్తున్నావని అడిగింది వలేరీ, కిటికీ దగ్గర నిలబడి గోళ్లకు రంగు వేసుకుంటూ. గ్వెన్ పళ్లు కొరుకుతూ, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేద్దామని రీస్టార్ట్ నొక్కింది.

తెరమీద చిన్న హెచ్చరిక వెలిగింది: "ఈ కంప్యూటర్‌ను ఇంకొకరు వాడుతున్నారు. ఇప్పుడు ఆపితే వారి పని పోవచ్చు."

గదిలో ఉన్నది ఇద్దరే.

తను వాడుతున్న తెర వెనకాల, ఇదే కంప్యూటర్‌లో ఇంకో యూజరు పొద్దుటినుంచీ నడుస్తున్నాడన్నమాట. అందులో ఐదో ఖాతా. నక్షాలకు అసలు యజమాని అదే, ఈ నాలుగూ దాని నీడలు. చెరిపిన ప్రతిసారీ అది మళ్లీ నింపుతోంది. లీమన్ చెప్పింది నాలుగే. ఐదోది లీమన్‌ది కాదు. అతను కాక ఈ కంప్యూటర్‌ను ముట్టుకోగలిగింది ఒక్క వలేరీయే.

"పొద్దున ఫెర్రీలో నువ్వేనా?" తల తిప్పకుండానే అడిగింది గ్వెన్.

"చేతులు కీబోర్డు మీంచి తియ్యి." వలేరీ చేతిలో సైలెన్సర్ పిస్తోలు. "ఇంకో ఆరు నిమిషాలు బుద్ధిగా కూర్చో. పన్నెండింటికి నేను వెళ్లిపోతాను."

"పాపం, నిన్ను నమ్మి వచ్చాడే వాడు."

"నువ్వూ వచ్చావుగా."

గ్వెన్ చేతులెత్తుతూ కుర్చీని ఒక్కసారిగా వెనక్కి తన్నింది. గుండు గోడలోకి దూసుకుపోయింది. బెల్టుకున్న కేబుల్ టెస్టర్ నిజానికి కరెంటు షాకు కొట్టే పరికరం. అది మణికట్టుకు తగలగానే వలేరీ కుప్పకూలింది. ముత్యం ఒకటి ఊడి నేలమీద దొర్లింది.

ఆ రెండో యూజరు తెర వేలిముద్ర అడిగింది. గ్వెన్ చచ్చుబడ్డ ఆ చేతిని ఈడ్చుకొచ్చి కంప్యూటర్ మీది సెన్సార్‌కు అదిమింది. గుర్తుపట్టలేదు. ఆరని గోళ్లరంగు వేలికంతా పులుముకుంది. తన కోటుతో తుడిచి మళ్లీ అదిమింది. గుర్తుపట్టలేదు. ఇంకో వేలు. పదకొండూ యాభై తొమ్మిది. చూపుడువేలికి కాదు, ఉంగరపు వేలికి తెరుచుకుంది. షేరింగ్ ఎక్కడుందో కనబడదు. మెనూలో మెనూ, దాంట్లో ఇంకో మెనూ. దొరికింది. "లింకును శాశ్వతంగా ఆపమంటారా?" ఆపమంది. "నిజంగానేనా?" అడిగింది కంప్యూటర్.

గ్వెన్ ఎంటర్ బొత్తాన్ని పిడికిలితో గుద్దింది.

కిటికీ అద్దాలు గల్లుమన్నాయి. ఊళ్లోని పాత కోటమీద రోజూ సరిగ్గా పన్నెండింటికి పేల్చే ఫిరంగి పేలింది. తెరమీద లింకు బూడిదరంగులోకి తిరిగి, ఆరిపోయింది.

ఒంటిగంటకు పోలీసు స్టేషన్లో గుమస్తా వలేరీ సంచిలో దొరికిన మూడు పాస్‌పోర్టులను బల్లమీద పరిచాడు. మూడింట్లోనూ ఒకే నవ్వు, మూడు పేర్లు. ఏ పేరు రాయమంటారని గ్వెన్‌ను అడిగాడు.

"ఏదో ఒకటి రాయండి," అంది గ్వెన్. "మూడూ ఒకే జైలు గదిలో పడతాయి."