నెమలికంఠానికి కలర్ కరెక్షన్

"కె డిజైన్స్ అంటే ఎవరప్పా ఈడ?"

హిందూపురం బస్టాండు దగ్గర, మందుల షాపు పైఅంతస్తులో ఉన్న ఆ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండు తలలు ఒక్కసారిగా తిరిగాయి. వాకిట్లో భుజాన సంచీతో ఒక అమ్మాయి నిలబడి ఉంది.

మూడో వరసలోంచి కుళ్లాయప్ప ఉత్సాహంగా లేచాడు. తాను చేసిన ప్రతి డిజైను మూలనా చిన్న అక్షరాలతో 'కె డిజైన్స్' అని వేసుకోవడం అతని అలవాటు. కుళ్లాయప్ప అన్న పూర్తి పేరు పోస్టరు మీద స్టైల్‌గా ఉండదని అతని గట్టి నమ్మకం. ఇన్నాళ్లకు ఒక అభిమాని వెతుక్కుంటూ వచ్చిందని జుట్టు సర్దుకున్నాడు.

"నేనే."

ఆ అమ్మాయి వచ్చి, సంచిలోంచి పట్టుచీర తీసి అతని కీబోర్డు మీద పరిచింది.

"ఇది ఏం రంగు?"

"నీలం."

"కండ్లు తెరిచి చూడు."

చీర అంచు పట్టుకొని కొంచెం వంచింది. నీలం మీద పచ్చదనం అలలా పాకింది. మళ్లీ వంచితే పచ్చ పోయి నీలం వచ్చింది.

"అరె, పచ్చ గూడా ఉండాదే!"

"ఉండాది కదా? మరి నువ్వు చేసిన ఫోటోలో ఆ పచ్చ ఏమైపాయ? గొర్రెలు మేసినాయా?"

క్లాసంతా గొల్లుమంది. కుళ్లాయప్ప చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఇంట్లో గొర్రెలుండాయి గానీ, అవి చీరలు మెయ్యవు" అన్నాడు మెల్లగా.

ఆమె పెదవుల చివర నవ్వు మెరిసి, వెంటనే మాయమైంది.

జరిగింది ఇది. ఆ అమ్మాయి మంజులత. ధర్మవరంలో చీరలు నేసే హనుమంతరాయుడి కూతురు. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతూ, తండ్రి నేసిన చీరల ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్మకాలు చూసుకుంటుంది. ఇన్‌స్టిట్యూట్‌లో పాఠం చెప్పే అమర్‌నాథ్ సార్ హనుమంతరాయుడికి తెలిసిన మనిషి. పిల్లలకు ప్రాజెక్టు పని అవుతుందని కొన్ని చీరల ఫోటోలు అడిగి తెచ్చి, తలా ఒకటి పంచాడు. కుళ్లాయప్పకు ఈ చీర వచ్చింది. ఫోటోలో అక్కడక్కడా కనిపించిన పచ్చదనం ట్యూబ్‌లైట్ వల్ల పడిందనుకొని, గంటసేపు కూర్చుని మొత్తం తుడిచేశాడు. నిగనిగలాడే నీలం చీర తయారైంది. సార్ మెచ్చుకున్నాడు. హనుమంతరాయుడూ చిన్న ఫోనులో తేడా గమనించక, మురిసిపోయి ఆ ఫోటోనే అందరికీ పంపాడు. బెంగళూరు నుంచి సుచిత్ర అనే అమ్మాయి తన నిశ్చితార్థానికి అదే కావాలని తెప్పించుకుంది. పెట్టె విప్పి చూసి, ఫోటోలో ఒకటి చూపించి ఇంకొకటి పంపారని తిరిగి పంపేసింది. ఆ మాట నలుగురికీ కనపడేలా ఆన్‌లైన్‌లో రాసింది కూడా.

"ఇది నెమలికంఠం రంగు. పడుగు నీలం, పేక పచ్చ. నిలువు దారం ఒకటి, అడ్డదారం ఒకటి. అందుకే వంచినప్పుడంతా మారతాది. మా నాయన ఇరవై దినాలు మగ్గం గుంతలో కూచుని నేసినాడు. ఇప్పుడు మోసగాడని పేరొచ్చిండాది. రెండు దినాలుగా మగ్గం గుంతలోకే దిగలేదు ఆయన" అంది మంజులత.

కుళ్లాయప్పకు ఇక నవ్వు రాలేదు. "తప్పు నాది. ఆదివారం మీ ఇంటికొస్తా. నేనే చెప్తా మీ నాయనకు."

"వస్తావా?"

"వస్తా."

నమ్మకం లేనట్టు చూసి, చీర మడిచి వెళ్లిపోయింది.

*

ఆదివారం పొద్దున్నే పెనుకొండలో ప్యాసింజరు ఎక్కాడు కుళ్లాయప్ప. వాళ్ల ఊరు పెనుకొండ పక్కనే. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు నాయన కదిరప్ప గొర్రెలు తోలుకొని గుట్టకు పోతూ, "సెలవు దినం యాడికి పోతాండావు రా?" అని అడిగితే, "క్షమాపణ అడిగేదానికి" అన్నాడు. "అయితే కడుపు నిండా తిని పో" అన్నాడు కదిరప్ప.

ధర్మవరంలో హనుమంతరాయుడు అతన్ని చాలాసేపు చూశాడు. మనిషి బక్కపలచన, వేళ్లకు రంగు మరకలు.

"సార్, ఆ ఫోటో చెడగొట్టింది నేనే. మీరు నేసింది తప్పనుకొని దిద్దినా. నాకు తెలీలేదు."

"సారేందప్పా, మామా అను. ఈడ పిల్లోల్లంతా అట్లే పిలుస్తారు" అన్నాడాయన. "తెలీకపోతే తప్పు లేదు. తెలుసుకోకపోతే తప్పు. రా, కూచో."

ఆ పూట చీరను కిటికీ పక్కన ఆరేసి, ఎండ ఏటవాలుగా పడేదాకా కాచుకొని, కుళ్లాయప్ప ఫోటోలు తీశాడు. మంజులత ఆ చీర కొంగు పట్టుకొని నెమ్మదిగా ఊపుతుంటే చిన్న వీడియో తీశాడు. ఆమె చేతుల్లో నీలం పచ్చైంది, పచ్చ నీలమైంది. ఈసారి ఒక్క రంగూ దిద్దలేదు. సుచిత్రకు వీడియో పంపి, ఆమెకే ఫోన్ చేశాడు.

"మేడం, ఫోటో దిద్దింది నేను. స్టూడెంటును. నేసినాయనకు ఏమీ తెలీదు. నన్ను తిట్టండి, ఆయన మీద రాసింది మాత్రం తీసెయ్యండి."

అవతల ఆమె వీడియో తెరిచి చూసింది. తర్వాత సుచిత్ర, "ఈ వీడియో ముందే చూపించుంటే గొడవే లేదు కదా! నేనూ చీరను పెట్టెలోంచి పైకి తీసి చూడలేదు. చీర మళ్లీ పంపండి. రాసింది తీసేస్తా" అంది.

ఫోన్ పెట్టేసరికి హనుమంతరాయుడు మగ్గం గుంతలోకి దిగాడు. లోపల్నుంచి టకటకా చప్పుడు మొదలైంది. మంజులత అటు తిరిగి కండ్లు తుడుచుకొని, ఇటు తిరిగి కసిరింది.

"ఏమట్ల చూస్తాండావు? కాఫీ తాగుతావా, వద్దా?"

*

కుళ్లాయప్ప తన చివరి ప్రాజెక్టు మార్చేశాడు. ధర్మవరం చీరల అసలు రంగుల కేటలాగు. అమర్‌నాథ్ సార్ సరేనన్నాడు. దాంతో ప్రతి ఆదివారం ధర్మవరం వెళ్లక తప్పలేదు. అంటే, వెళ్లక తప్పదని కుళ్లాయప్ప అందరికీ చెప్పుకున్నాడు.

మంజులత పక్కన కూర్చుని ప్రతి ఫోటోకూ వంక పెట్టేది.

"ఇది వంకాయ రంగు కాదు, ఎండిన వంకాయ రంగు."

"రెండిటికీ తేడా ఏముండాది?"

"కూర వండితే తెలుస్తాది."

"అయితే వండు, తిని చెప్తా."

"ఆశ!"

కానీ మరుసటి ఆదివారం వంకాయ కూర వండింది. అతను రెండుసార్లు పెట్టించుకున్నాడు. తేడా మాత్రం తెలియలేదన్నాడు. మూడోసారి వడ్డిస్తే తెలుస్తుందేమోనన్నాడు.

కేటలాగుకు మంచి మార్కులొచ్చాయి. ఆ వీధిలో ఇంకో ఆరుగురు తమ చీరలకూ అలాగే చేసిపెట్టమన్నారు. హిందూపురంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సు వాళ్లు డిజైనరుగా ఉద్యోగమిచ్చారు. అన్నీ కుదిరాయి. మంజులతతో చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం పెనుకొండ దాటేటప్పుడు నోట్లోనే ఉండేది, ధర్మవరం రాగానే ఎక్కడికో పోయేది.

అలా ఉండగా ఒక ఆదివారం హనుమంతరాయుడు అన్నాడు, "కుళ్లాయప్పా, మంజు ఫోటో ఒకటి తీసియ్యప్పా. అనంతపురం నుంచి సంబంధమొకటి వచ్చిండాది."

బయట వాన మొదలైంది. కరువు నేల మీద పడే వాన, మట్టి వాసన ఇంటినిండా నింపేసింది. ఆ వాన ఎప్పుడొచ్చినా సంతోషించే కుళ్లాయప్పకు ఆ పూట అది చెవికెక్కలేదు.

మంజులత కిటికీ పక్కన ముఖం ముడుచుకొని కూర్చుంది. కుళ్లాయప్ప కెమెరాలోంచి చూశాడు.

"నవ్వమంటావా?" అడిగిందామె.

"వద్దు."

"ఏం?"

"నువ్వు నవ్వితే వాళ్లు ఒప్పుకుంటారు."

మంజులత చటుక్కున తలెత్తింది. సరిగ్గా అప్పుడే అతని వేలు నొక్కుకుపోయింది.

ఫోటో చూసి హనుమంతరాయుడి అక్క, పేరు దొడ్డమ్మ, పెదవి విరిచింది. "బాగుండాది గానీ, నువ్వు కంప్యూటర్లో కొంచెం తెల్లగా చెయ్ అబ్బయ్యా. ఆ చెంప మీది మచ్చ గూడా తీసెయ్."

ఆ వారమంతా ఆ ఫోటో ప్రెస్సులో అతని స్క్రీను మీద తెరుచుకుంటూనే ఉంది. ఒక్క క్లిక్కుతో పోయే మచ్చ. ఆశ్చర్యంతో పెద్దవైన ఆ కళ్లు తననే అడుగుతున్నట్టుండేవి. బాణం గుర్తు చెంప దాకా పోవడం, వెనక్కి రావడం, అంతే.

*

మరుసటి ఆదివారం కవరు తెచ్చి హనుమంతరాయుడి చేతిలో పెట్టాడు. అందులో ఫోటో ఉన్నదున్నట్టే ఉంది.

"ఏం మార్చలేదే?" అంది దొడ్డమ్మ.

"మార్చేదానికి నాకు ఏమీ కనపడలేదు దొడ్డమ్మత్తా."

ఫోటో వెనక ఇంకో కాగితముంది. హనుమంతరాయుడు కళ్లజోడు పెట్టుకొని పైకే చదివాడు. "పేరు కుళ్లాయప్ప. తండ్రి కదిరప్ప, గొర్రెల పెంపకం. చదువు, గ్రాఫిక్ డిజైన్. ఉద్యోగం..." చదవడం ఆపేశాడు. మూలన 'కె డిజైన్స్' లేదు. పూర్తి పేరుంది.

"రామరామా! మనోల్లు గాదు కదరా" అంది దొడ్డమ్మ.

హనుమంతరాయుడు కాగితం మోకాలి మీద పెట్టుకొని సాపు చేశాడు.

"అక్కా, నేను నలభై ఏండ్ల నుంచి చీరలు అమ్ముతాండా. తప్పు చేసి, నాది తప్పని చెప్పేదానికి రైలెక్కి ఇంటికొచ్చిన మనిషిని ఈ పిల్లోన్నే చూసినా. మనోడంటే ఇంకెట్లుండల్ల?" కుళ్లాయప్ప వైపు తిరిగాడు. "మంజు ఒప్పుకుంటే, మీ నాయనను పిల్చుకొని రా అప్పా."

అందరూ వంటింటి వైపు చూశారు. మంజులత బయటికొచ్చి చెప్పులేసుకుంది.

"నాయనా, నేను స్టేషన్ దాకా పొయ్యొస్తా. ఈయప్పతో మాట్లాడల్ల."

ఇద్దరూ స్టేషన్‌కు నడిచారు. ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసి కూర్చుంది. అతను నిలబడ్డాడు.

"ఎవర్నడిగి ఇచ్చినావు ఆ పేపరు?"

"పెద్దోల్లను అడగల్ల కదా, అందుకని..."

"పెండ్లి మా నాయనకా, నాకా?"

"నీకే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"భయమాయ మంజూ. నువ్వు కాదంటే నాకిక ఆదివారాలుండవు."

మంజులత కొంగు చివర వేలికి చుట్టుకుంది. దూరంగా బండి కూత వినిపించింది.

"ఇప్పుడు చెప్పు."

బండి వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. కుళ్లాయప్ప ఆ వైపు చూడలేదు.

"నువ్వంటే నాకిష్టం. నువ్వు తిడతాంటే, ఇంకొంచెంసేపు తిడితే బాగుండు అనిపిస్తాది. బండి ఎక్కినంక నువ్వేమన్నావో మళ్లీ మళ్లీ తల్చుకొని ఒక్కన్నే నవ్వుకుంటా. పక్కనోల్లు నన్ను చూసి జరిగి కూచుంటారు."

మంజులత నవ్వు ఆపుకోలేకపోయింది. బండి కదిలింది, వేగమందుకుంది, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది.

"నీ బండి పాయ" అంది.

"పోనీ."

"ఇంకో బండి ఎప్పుడుండాది?"

"గంటన్నరకు."

మంజులత బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

"అయితే కూచో. నేనింకా ఏమీ చెప్పలేదు కదా నీకు."