పడవ మాట ఆగిన చోటు

నూజివీడులో ప్రైవేటు డిటెక్టివ్‌కి పనేముంటుందని నవ్వేవాళ్ళు నవ్వుకున్నా, బస్టాండు వెనక మేడ మీద బసవపున్నారావుగారి బోర్డు ఆరేళ్ళుగా వేలాడుతూనే ఉంది. అంతకుముందు ఆయన టెలిఫోన్ శాఖలో లైన్ ఇన్‌స్పెక్టరు. తప్పిపోయిన గేదెల దగ్గర్నుంచి దొంగ వీలునామాల దాకా అన్నీ చూశారు. ఆయన అసిస్టెంటు విజయరాణికి ఆయన మాటంటే వేదం. ఆయన కేసు ఓడిపోవడం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు. గెలిచి కళ్ళు తుడుచుకోవడం మాత్రం 1987 శ్రావణమాసంలోనే చూసింది.

ఆ సోమవారం పొద్దున్నే లేయా వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు, మంచినీళ్ళిస్తే గ్లాసు బల్లమీదే పెట్టేసింది. ఆమె భర్త సువర్ణరాజు రేడియో మెకానిక్కు, పదకొండు రోజులుగా సబ్‌జైల్లో ఉన్నాడు.

ఆమె ఏడుస్తూ చెప్పిన సంగతిది. నలభై ఎకరాల మామిడితోట ఉన్న లక్ష్మీనరసింహారావుగారికి ఉన్నట్టుండి సముద్రం మీద మనసుపోయింది. బందరులో ఒక పాత లాంచీ కొని, లారీ మీద తోటకి తెప్పించి, కాయలు దింపుకునే షెడ్డులో బాగుచేయించారు. పడవ మధ్యలో రెండు నిలువుల కొయ్య స్తంభం పెట్టించారు. క్యాబిన్లో వైర్‌లెస్ సెట్టు, అక్కణ్ణించి ఇంజను గదికి ఫోను, కొయ్య చివర ఏరియల్, అన్నిటికీ వైర్లు వేసినవాడు సువర్ణరాజు. మామిడి చెట్ల కింద మాట్లాడే పడవని చూడ్డానికి జి. కొండూరు నుంచి కూడా జనం వచ్చారట. కొయ్యకి మామిడాకుల తోరణం కట్టి, కొబ్బరికాయ కొట్టి సాగనంపారు.

తోటలో మామిడి అంట్లు కట్టే బుచ్చయ్య ఒక్కగానొక్క కొడుకు సాంబయ్యకి ఆ పడవ ఇంజను మీద ఉద్యోగమిచ్చారు. నాలుగో రోజున, నడిసముద్రంలో, పొద్దున పదింటికి వాడి చెయ్యి ఇంజను బెల్టులో పడింది. ఇంజనూ ఆగిపోయింది. డ్రైవరు నరసింహులు సాయంత్రం నాలుగింటిదాకా వైర్‌లెస్సులో పిలుస్తూనే ఉన్నాడు. ఆరు మైళ్ళ దూరంలో సెట్టున్న పెద్ద పడవ ఇంకోటి ఉంది. దానికి ఒక్క ముక్కా వినపడలేదు. నెత్తురు పోయి పోయి సాంబయ్య ప్రాణం వదిలాడు. వైరింగు చెడగొట్టి మనిషిని చంపాడని సువర్ణరాజు మీద కేసు పెట్టారు.

"సాంబయ్య మా ఆయనకి సొంత తమ్ముడికంటే ఎక్కువండీ," అంది లేయా. "తన చేతి పనే వాణ్ణి చంపిందేమోనని అన్నం మానేశాడు. ఇట్టాగే ఉంటే మనిషి దక్కడండీ నాకు."

బసవపున్నారావుగారు కండువా తీసుకుని లేచారు.

సబ్‌జైల్లో సువర్ణరాజు గోడకి తిరిగి కూర్చున్నాడు. మాట రాబట్టడానికి అరగంట పట్టింది. సెట్టు నుంచి ఏరియల్ దాకా ఒకే వైరు వేశాననీ, ఎక్కడా అతుకు లేదనీ చెప్పాడు. పడవ బయల్దేరే ముందురోజు ఐదు మైళ్ళ అవతల రెండో సెట్టు పెట్టి మాట్లాడితే గంట కొట్టినట్టు వినిపించిందట. మర్నాడు తనకి జ్వరం, సాగనంపడానికి రాలేదు.

అనుమానమంతా నరసింహులు మీదికే పోయేటట్టుంది. తను ఎక్కడున్నదీ యజమానికి ఎప్పటికప్పుడు తెలిసిపోతుందని ఆ సెట్టంటే అతనికి మొదట్నుంచీ గిట్టదు. అతన్ని ఆఫీసుకి పిలిపించారు. విజయరాణి పెన్సిల్ చెక్కుకుని సిద్ధంగా కూర్చుంది.

"రేవులో సెట్టు పరీక్షించారా?" అని అడిగారు బసవపున్నారావుగారు.

"చేశామండి. పక్కన కట్టేసిన పడవతో మాట్లాడాను. బ్రహ్మాండంగా వినపడింది. బుచ్చయ్య కూడా రేవుకొచ్చాడు. ఆ పడవెక్కి కొడుకు గొంతు విని మురిసిపోయాడు."

"దూరంగా ఉన్నవాళ్ళతో?"

"లేదండి. దగ్గర్లో పలికింది దూరంలో పలకదా అనుకున్నాను."

"ఆ రోజు చివరిదాకా నువ్వే పిలిచావా?"

నరసింహులు తల దించుకున్నాడు. "ఆఖర్లో వాడే ఇమ్మన్నాడండి. సెట్టు నోటి దగ్గర పెట్టాను. నాన్నా, నాన్నా అని పిలిచాడు. నాన్న ఇక్కడెక్కడున్నాడ్రా అని నేనన్లేకపోయాను."

విజయరాణి రాయడం ఆపేసింది.

కేసు తేలేదాకా ఉండనీ అని లాంచీని మళ్ళీ తోట షెడ్డుకే తెచ్చి పడేశారు. పోలీసులు సెట్టు పెట్టె ఒక్కటే విప్పి చూసి ఊరుకున్నారు. బసవపున్నారావుగారు కొయ్యని నేలమీద పడుకోబెట్టించి, వైరు పొడుగునా వేళ్ళతో తడుముకుంటూ వచ్చారు. మనిషెత్తున ఒకచోట ఆగారు. పైన తారు పూసి ఉంది. గోకితే మైనం పట్టించిన గుడ్డ కట్టు బయటపడింది. చుట్టు మీద చుట్టు, కిందనుంచి పైకి, తాటాకులు కప్పినట్టు. తారులో ఇరుక్కుని ఒక అరటినార, ఒక మామిడాకు తొడిమ. కట్టు విప్పి చూస్తే వైరు రెండు కొసలూ బొటనవేలంత పొడుగున ఏటవాలుగా కోసి, రాగిపోగులన్నీ ఒకదానికొకటి ఆనించి, సందు లేకుండా నొక్కి ఉన్నాయి.

"నరసింహులే కోశాడు సార్," అంది విజయరాణి గుసగుసగా.

"కోసినవాడు ఇంత ప్రేమగా కడతాడా అమ్మా?" అని, కట్టుని ఎలా ఉన్నదాన్ని అలాగే చుట్టేశారాయన.

షెడ్డు బయట అంట్ల మడిలో బుచ్చయ్య పని చేసుకుంటున్నాడు. కొడుకు కర్మ అయిన మర్నాడే పనిలోకి వచ్చాడట. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందన్నాడు. సువర్ణరాజు పేరెత్తితే దుమ్మెత్తి పోశాడు. వాణ్ణి నా కొడుకనుకున్నాను, వాడి చేతులు పడిపోనని శపించాడు. విజయరాణి ఊరికే ఉండలేక, బుచ్చయ్య చేతిలో ఉన్న చిన్నరసం మామిడి పుల్లని చూసి అంటు ఎలా కడతారని అడిగింది. ముసలాయన మొహం ఒక్క క్షణం తేటపడింది.

"ఏటవాలుగా కొయ్యాలమ్మా. తోలుకి తోలు, పొరకి పొర, అంతా ఒకటైపోవాలి. తగలని చోటుంటే చచ్చిపోద్ది. కిందనుంచి పైకి చుడితే వాననీళ్ళు జారిపోతాయి." కట్టు ముగించి ఆప్యాయంగా నిమిరాడు. "ముప్పై ఏళ్ళలో నేను కట్టిన అంటు ఒక్కటీ చావలేదు."

తిరుగుదారిలో బసవపున్నారావుగారు స్కూటరు ఆపి, కలెక్టరు మామిడి చెట్టు కింద చాలాసేపు నిలబడ్డారు. "ఈ కేసు వదిలేద్దామా రాణీ?" అన్నారు. ఆమె బిత్తరపోయింది. వదిలేస్తే సువర్ణరాజు ఏమవుతాడండీ అంది. "అదేనమ్మా," అని కళ్ళు తుడుచుకున్నారాయన. అప్పుడు గుర్తొచ్చింది విజయరాణికి, కిందనుంచి పైకి చుట్టిన కట్టు.

మర్నాడు పదింటికి షెడ్డులో అందరూ చేరారు. లక్ష్మీనరసింహారావుగారు కుర్చీలో, ఎస్సై పక్కన, నరసింహులు పడవకి ఆనుకుని, లేయా గుమ్మం దగ్గర, బుచ్చయ్య ఓ మూల గోనె మీద.

బసవపున్నారావుగారు ఏ పేరూ ఎత్తకుండా మొదలుపెట్టారు. సువర్ణరాజు వేసినప్పుడు వైరు బాగానే ఉందనీ, ఐదు మైళ్ళు మాట వెళ్ళిందనీ, దానికి సాక్షులున్నారనీ చెప్పారు. ఆ తర్వాత, పడవ రేవుకి చేరేలోపే వైరు తెగిందన్నారు. "కావాలని ఎవరూ కొయ్యలేదు. తోరణం నార కోస్తుంటే కత్తి జారింది. శుభమా అని బయల్దేరుతుంటే తెగిందంటే అపశకునం. ప్రయాణం ఆగిపోతుందని ఆ మనిషి భయపడ్డాడు. తనకి చేతనైనట్టు, చాలా శ్రద్ధగా, అతికాడు."

కొయ్య మీది కట్టు చూపించారు.

బుచ్చయ్య లేచి వచ్చాడు. కట్టుని వేలితో తాకాడు. "ఇది నాదేనండి," అన్నాడు మామూలుగా. "దొరగారు ప్రయాణం ఆపేస్తే మావాడి ఉద్యోగం పోద్దని చెప్పలేదు. కానీ నేను కట్టాక కూడా పలికింది కదండీ? రేవులో నా చెవులతో విన్నాను."

"దగ్గర్లో పలుకుతుంది బుచ్చయ్యా. దూరం పోదు." అన్నారు బసవపున్నారావుగారు, కట్టు మీద వేలుపెట్టి. "ఈ వైరు మొక్క లాంటిది కాదు. లోపల ఒక తీగ, దానిచుట్టూ తొడుగు, ఆ పైన రాగి అల్లిక. లోపలి తీగకి పై అల్లిక తగలకూడదు. తగిలిందా, మాట అక్కడే చచ్చిపోతుంది. నువ్వు అన్నీ కలిపేశావు."

బుచ్చయ్య ఆ కట్టునే చూస్తూ నిలబడ్డాడు. లెక్క వేసుకుంటున్నవాడిలా పెదాలు కదిలాయి.

"అంటే బాబుగారూ, వాడు నాన్నా అని పిలిచిన పిలుపు నా కట్టు దాకా వచ్చి ఆగిపోయిందన్నమాట."

లక్ష్మీనరసింహారావుగారు తల పట్టుకున్నారు. మొగుడు బయటపడ్డాడని సంతోషించాల్సిన లేయా, గుమ్మం దగ్గర్నుంచి వచ్చి ముసలాయన పక్కన నేలమీద కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే ఆయనకీ ఏడుపొచ్చింది.

మూడో రోజున సువర్ణరాజుని వదిలేశారు. అతను ఇంటికి వెళ్ళకుండా నేరుగా తోటకి నడిచాడు. ఏం జరుగుతుందోనని బసవపున్నారావుగారూ విజయరాణీ వెనకే వెళ్ళారు.

బుచ్చయ్య అంట్ల మడి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. శపించిన నోటితో క్షమించమని అడగబోతే సువర్ణరాజు ఆయన చేతులు పట్టుకుని ఆపేశాడు. తర్వాత ముసలాయన మొలలోంచి కత్తి తీశాడు, గోనె కిందనుంచి రెండు వైరు ముక్కలు తీశాడు.

"ఎట్టా కట్టాలో చూపించు సువర్ణం."

"ఇప్పుడెందుకు బాబాయ్?"

"చూపించరా."

సువర్ణరాజు చూపించాడు. లోపలి తీగకి లోపలి తీగ కలిపి, దానిమీద గుడ్డ చుట్టి, ఆ పైన అల్లికకి అల్లిక. బుచ్చయ్య ఇంకో జత తీసుకుని తనే చేశాడు. ముప్పై ఏళ్ళుగా అంట్లు కట్టిన వేళ్ళు, ఎక్కడా తడబడలేదు. కిందనుంచి పైకి చుట్టి, ముడి వేసి, సువర్ణరాజు చేతిలో పెట్టాడు. అతను అటూ ఇటూ తిప్పి చూసి, తన పనికంటే బాగుందన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు బుచ్చయ్య.

"ఇంతే బాబాయ్."