జానెడు ఎండ

తొమ్మిదో అంతస్తు తూర్పు గోడకు మేత పెట్టడం పూర్తయ్యేసరికి ఎనిమిదిన్నరయింది. సలోమి బెల్లంనీళ్ల గొట్టాన్ని చుట్టి భుజాన వేసుకుని, గోడకు అరచెయ్యి ఆనించింది. లోపల జీవసున్నం గుటకలు వేస్తున్న సన్నటి వణుకు తెలిసింది. గోడలకు చెవులుంటాయని పూర్వం అనేవారు. ఇప్పుడు ఆకలి కూడా ఉంది. జ్ఞాపకశక్తి మాత్రం మనిషికంటే ఎక్కువే.

మేత తర్వాత గాయాలు చూడాలి. పగులైనా, చెమ్మైనా, మేకు దిగిన చోటైనా గోడ తనంతట తానే పూడ్చుకుంటుంది. దానికి అనుమానం వస్తే సలోమి చేతిలోని పలక మీద అడుగుతుంది: గాయమా, అంగమా? పగులు గాయం, తలుపు అంగం. గోడలకు మొదట చదువు చెప్పిన పన్నెండు మందిలో ఇంకా ఉద్యోగంలో ఉన్నది సలోమి ఒక్కతే. ఆమె వేలిముద్రను నలభయ్యొక్క టవర్లలో ఏ గోడా కాదనదు.

ఆ ఉదయం ఆఫీసు నుంచి సందేశం వచ్చింది. ఈ అంతస్తులోనే ఉండే నాగుల్ మీరా అనే ముసలి తాపీమేస్త్రీ మళ్లీ గోడ తొలిచాడట. ఇది మూడో ఫిర్యాదు. సలోమి గాయమని ముద్ర వేస్తే, మధ్యాహ్నానికల్లా ఆయన్నీ భార్యనీ లోపలి వరుసకు, బయటి గోడే లేని గదులకు మార్చేస్తారు.

ఆయన తలుపు తీశాడు. చేతిలో ఉలి ఉంది, దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. మంచం మీద భార్య కాశింబీ పడుకుని ఉంది. పక్షవాతం వచ్చి ఐదేళ్లయిందట. ఆమె తలకు పైన, గోడలో జానెడు కన్నం.

"రాత్రికల్లా పూడిపోద్దమ్మా. పొద్దున్నే మళ్లీ తవ్వుతా," అన్నాడు నాగుల్ మీరా. "మా కాశింబీకి చూపు లేదు, మాట లేదు. పదింటికి ఆ ఎండ చేతి మీద పడిద్ది. అప్పుడు తెలిసిద్ది, ఇంకో రోజొచ్చిందని."

తన చేత్తో వెంటిలేటరు లేని గది ఒక్కటి కూడా లేపలేదని, మేకల కొట్టానికైనా గాలికో దారి వదిలానని చెప్పుకొచ్చాడు. గోడకి కన్నముంటే తప్పని ఈ గోడలకి నేర్పిన మహానుభావుడెవడో ఒక్కసారి చూడాలనుందన్నాడు.

ఆ మహానుభావుడు సలోమే. పదకొండేళ్ల క్రితం, గోడలకు పాఠంగా రోజుకు మూడువందల ఫొటోలు చూసి గుర్తు పెట్టాల్సిన రోజుల్లో, భోజనానికి లేచే తొందరలో ఒక వెంటిలేటరును ఇటుక ఊడిన చోటనుకుని గాయమని ముద్ర వేసింది. సాయంత్రం తప్పు తెలిసింది. దిద్దాలంటే పై అధికారికి చెప్పుకోవాలి. భయపడి ఊరుకుంది. ఆరునెలల్లో ఆ పాఠంతోనే అన్ని టవర్లలోనూ వెంటిలేటర్లు పూడుకుపోయాయి. గదులు రెండు డిగ్రీలు చల్లబడ్డాయి. గోడలే ఈ రహస్యం కనిపెట్టాయని వాస్తుశిల్పులు మురిసిపోయి, దానికి నీరంధ్ర శైలి అని పేరు పెట్టి, సన్మానాలు చేయించుకున్నారు. ఆ తర్వాత కిటికీలూ పోయాయి. అందరూ మెచ్చుకున్న తప్పును తప్పని చెప్పడం కంటే కష్టం మరొకటి లేదు. సలోమికి ఆ ముసలాయన మొహం చూడాలంటే సిగ్గేసింది.

ఆమె పలకను కన్నం వైపు ఎత్తింది. గాయమా, అంగమా? అంగం అని ముద్ర వేసింది. పలక ఆగిపోయింది. తొలి పాఠానికి విరుద్ధం, రెండింటిలో ఏది తప్పు అని అడిగింది.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఉద్యోగం కూడా పోతుందని ఎవరూ అనరు. మొదటిదే తప్పు అని నొక్కింది. ఈ గోడకేనా, అన్ని గోడలకా అని అది మళ్లీ అడిగింది. సలోమి మంచం మీద కదలకుండా పడున్న చేతిని చూసింది. అన్నిటికీ అని వేలు ఆనించింది.

"ఏం రాశావమ్మా?" అన్నాడు ముసలాయన.

"ఆ తప్పు నేర్పింది నేనే తాతా. ఇప్పుడు దిద్దాను. బయట యాభై ఒక్క డిగ్రీలుంది, వేడి కూడా లోపలికొచ్చిద్ది."

నాగుల్ మీరా చేతిలోని ఉలిని కింద పెట్టాడు. తిట్టలేదు. "రానీ," అన్నాడు. "వేడని గోడ మందం పెంచుకోవాలిగాని, ఊపిరి ఆపేస్తారా?"

కన్నం అంచుల నుంచి సున్నం పొడిపొడిగా రాలడం మొదలైంది. పాత వెంటిలేటరును కప్పి పదేళ్లకు పైగా మేపిన పొర అరగంట కూడా నిలవలేదు. పదింటికి ఎండ కాశింబీ మణికట్టు మీద పడి మోచేతి దాకా పాకింది. ముడుచుకున్న వేళ్లు కొంచెం విచ్చుకున్నాయి. వెంట వచ్చిన వడగాలికి ముసలాయన తువాలు తడిపి ఆమె నుదుటి మీద వేశాడు.

ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది. సలోమి తియ్యలేదు. పక్కింట్లోనూ సున్నం రాలుతున్న చప్పుడు వినబడింది. అక్కడ ఆరేడేళ్ల పిల్ల ఎవరో వాళ్లమ్మను పిలుస్తోంది.

"అమ్మా, నేల మీద వెచ్చగా, తెల్లగా ఏదో పడింది. ఎంత తుడిచినా పోవట్లేదు."