ఊ కొట్టిందెవరు

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూతురు తన గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టింది. ఫ్యాను ఆపింది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ కూడా ఆపేసి వచ్చింది. పిల్లల పాఠాలు చదివి, చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి పంపడం ఆమె పని. ఆ కంప్యూటరూ, ఆ మైకూ ఆ ఇంటికి అన్నం పెట్టేవే. ఈ రోజు మాత్రం మైకు ముందు కూర్చున్నది నాన్న.

నాన్న కూరగాయల మార్కెట్లో సరుకు వేలం వేసేవాడు. షెడ్డు ఈ చివర నిలబడి నోరు తెరిస్తే, ఆ చివర బస్తాల మీద కునుకు తీసేవాళ్ళు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. కొనేవాళ్ళు ఊఁ అన్నకొద్దీ ధర పెంచుతూ పోయేవాడు. అలాంటి గొంతులో పుండు లేచింది. రేపు ఆసుపత్రిలో చేరాలి. ఆపరేషన్ తర్వాత ఇక మాట ఉండదని డాక్టరు చెప్పేశాడు. అందుకే ఇంట్లో అవసరమయ్యే మాటలన్నీ ఆయన గొంతుతోనే దాచిపెట్టాలని కూతురి ఆరాటం. మీట నొక్కితే నాన్న పలకాలి.

"ఇన్నాళ్ళూ ఊరందరి సరుకూ అమ్మాను. ఇప్పుడు నా గొంతునే మూట కట్టిస్తున్నావు," అని నవ్వాడు నాన్న. నవ్వు మధ్యలోనే బొంగురుపోయింది.

"ఊరికే మాట్లాడి అలసిపోకు నాన్నా. కానివ్వు."

"నీళ్ళు కావాలి." "నొప్పిగా ఉంది." "లైటు ఆర్పెయ్." "అన్నం తిన్నావా తల్లీ?" ఒక్కో మాటకీ ఆగి, ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. గదంతా ఉక్క. దుప్పటి ముక్కవాసన, ఆయన పుక్కిలించిన మందు వాసన కలిసి ముక్కుకి పట్టేస్తున్నాయి.

కూతురు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది.

"నీళ్ళు కావాలి..." ఆ వెనకే, మెల్లగా... "ఊఁ."

"నొప్పిగా ఉంది..." "ఊఁ."

కథ వింటూ ఎవరో ఊ కొడుతున్నట్టు... ప్రతి మాటకీ. వైర్లు కదిపి చూసింది. తలుపు తీసి వరండాలోకి చూసింది. ఎవరూ లేరు. తనే నాలుగు ముక్కలు మాట్లాడి రికార్డు చేసింది. ఏమీ లేదు. నాన్న మాటకే ఆ ఊఁ.

అంతలోనే ఒక ఆలోచన మెరిసింది. ఆమెకి ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఫోటోలు ఉన్నాయి గానీ, అమ్మ గొంతు ఎలా ఉండేదో ఆమెకి తెలియదు.

"నాన్నా... ఇది విను. అమ్మేనా?"

ఆయన విన్నాడు. మళ్ళీ విన్నాడు. ముఖం పాలిపోయింది. కూతురి కళ్ళల్లో పొంగుతున్న ఆశని చాలాసేపు చూశాడు.

"అమ్మే తల్లీ," అన్నాడు.

ఆమె ఆయన ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె తల నిమురుతూనే ఆయన మైకు వైపు చూశాడు.

"ఇక చాలు. కట్టిపెట్టెయ్."

"ఒక్కటి నాన్నా. మార్కెట్లో వేలం కేక వేసేవాడివే, అది. అది లేకపోతే నీ గొంతు దాచినట్టే కాదు."

కాదనలేకపోయాడు. మైకు దగ్గరికి వంగి, "ఒకటోసారి... రెండోసారి..." అన్నాడు. గొంతు పూడుకుపోయింది. మూడోది రాలేదు. చెయ్యి అడ్డంగా ఊపి కుర్చీలో వాలిపోయాడు.

ఈసారి ఇద్దరూ వినేటట్టు స్పీకర్లో పెట్టింది.

"ఒకటోసారి... రెండోసారి..."

ఊఁ లేదు. ఏ చప్పుడూ లేదు. ఆ తర్వాత...

"మూడోసారి!"

నాన్న గొంతే. గదంతా ఖంగుమంది. ఏ పుండూ లేని, నిండు గొంతు.

ఆయన తూలుతూ లేచి వైరు పీకేశాడు. "ఈ గదిలో నోరు విప్పకు తల్లీ," అన్నాడు గుసగుసగా. ఆయన ఆమెతో అన్న ఆఖరి మాట అదే. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేదాకా పెదవులు బిగించుకునే ఉన్నాడు.

మెడకి కట్టుతో ఇంటికొచ్చాక, దాహమని సైగ చేశాడు. కూతురు ఉత్సాహంగా మీట నొక్కింది. "ఊఁ." ఇంకోటి నొక్కింది. "ఊఁ." నాన్న మాటలున్న చోటల్లా ఖాళీ. ఒక్క అక్షరం మిగల్లేదు.

ఆమె నేల మీద కూలబడింది. "అమ్మ పట్టుకెళ్ళిందేమో నాన్నా... దాచుకోవడానికి."

ఆయన కాదన్నట్టు మెల్లగా తల ఊపాడు.

"మరి ఆ రోజు అమ్మేనని ఎందుకన్నావు?"

ఆయన అరచేత్తో ఆమె చెంపలు తుడిచాడు. ఆయన కళ్ళు మాత్రం తుడుచుకోలేదు.

ఆ సాయంత్రం మార్కెట్ హమాలీ ఒకడు పలకరించడానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, నాన్న మెడ మీది కట్టు చూసి బిత్తరపోయాడు.

"ఇదేంటి చెల్లెమ్మా... పొద్దున్న షెడ్డు తాళం తియ్యకముందే లోపల పెద్దాయన వేలం కేక వినబడింది. నయమై వచ్చేశాడనుకుని అందరం లోపలికి ఉరికాం. మనిషి లేడు, సరుకూ లేదు."

"ఏమన్నాడు?" అడిగింది ఆమె.

"అమ్ముడైపోయిందన్నాడు. ఆ తర్వాత... 'వెళ్ళకండి, ఇంకొకటి ఉంది' అన్నాడు."

కూతురు ఏదో అనబోయింది. నాన్న అరచెయ్యి వచ్చి ఆమె నోటి మీద పడింది. గట్టిగా నొక్కి పట్టుకున్నాడు... ఎంతసేపటికీ తియ్యలేదు.