చివరి గదిలో దమ్ము కొట్టేవాడు

ఆ ఇంట్లో చివరి గదికి చెడ్డపేరుంది. ముగ్గురు అద్దెకు దిగారు, ముగ్గురూ నెల తిరక్కుండానే సామాను సర్దుకున్నారు. రాత్రి తలుపులు మూస్తే చాలు, సిగరెట్ వాసన... కాల్చేవాడు మాత్రం కనపడడు.

వంటగది, పెరడు అందరూ కలిసి వాడుకునే ఇల్లది. ఎవరిని అడిగినా ఒకటే మాట — అందులో పోయిన టైలరు ఇంకా దమ్ము కొడుతున్నాడట.

లాండ్రీలో పనిచేసే ఒకామె ఆ గదిలోకి దిగింది, పొగ పడని ఆరేళ్ళ కూతురితో. ఆ పొగ బాధకే అప్పటికి రెండిళ్ళు మారింది. ఇక మారే ఓపిక లేదు. ఇంటాయన కొత్త రంగు చూపించి, "వాసనొస్తే భయపడకమ్మా. పాత మనిషి, ఎవర్నీ ఏమీ చెయ్యడు," అన్నాడట. ఎంత దయో చూడండి.

తర్వాత జరిగింది ఆమే నాకు చెప్పింది.

మొదటి రాత్రి పిల్ల దగ్గింది. తల్లి తలుపు మూసి, నీళ్ళు మరిగించి ఆవిరి పట్టింది. కాసేపటికి — వాసన. దగ్గు ఎక్కువైంది. మళ్ళీ ఆవిరి పట్టింది. వాసన ఇంకా చిక్కబడింది...

మర్నాడు కర్టెన్లు ఉతికింది. మూలమూలనా బొగ్గులు పెట్టింది, నిమ్మచెక్కలు పెట్టింది. రాత్రికి అంతా మామూలే.

నాలుగో రాత్రి పిల్ల గుసగుసగా అంది:

"అమ్మా... గోడ ఏడుస్తోంది."

లైటు వేసింది. నిజమే — కొత్త రంగు మీద గోధుమరంగు చుక్కలు. ఒక్కొక్కటే కిందికి జారుతున్నాయి...

ఇంకొకరైతే పిల్లను చంకనేసుకుని వీధిలో పడేవారు. ఈమె పదేళ్ళుగా ఊరి మరకలు వదిలిస్తున్న మనిషి. తెల్లగుడ్డతో ఒక చుక్క తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

పొగ. ఏళ్ళ తరబడి గోడకు పట్టిన సిగరెట్ పొగ. కడగకుండా దాని మీదే రంగు పూశారు. రోజూ ఆవిరి పట్టి దాన్ని పైకి రప్పించింది తనే.

తెల్లవారగానే ఆ గుడ్డ పట్టుకుని, వీధి మూల కుట్టుమిషన్ ముందున్న నా దగ్గరికొచ్చింది.

"పెద్దమ్మా, ఆ టైలరు రోజుకెన్ని పెట్టెలు కాల్చేవాడు?"

ఒళ్ళు మండిపోయింది నాకు.

"ఆ టైలరు మా అన్నయ్యే తల్లీ. బట్టలకు వాసన పడుతుందని, సిగరెట్ తాగేవాణ్ణి గడప తొక్కనిచ్చేవాడు కాదు. వాడు పోయాక ఎనిమిదేళ్ళు ఆ గదిలో తలుపులేసుకుని పేకాడింది ఇంటాయనా, ఆయన జట్టూ."

నలభై ఏళ్ళు కుట్టి కుట్టి కళ్ళు పోగొట్టుకున్నాడు మా అన్నయ్య. చచ్చాక కూడా వాడి నెత్తిన వీళ్ళ పొగ.

ఇద్దరం సోడా నీళ్ళతో గోడలు కడిగాం. బకెట్లో నీళ్ళు డికాషన్‌లా మారాయి. చీకటి పడేవేళకు గది గదిలా ఉంది. పిల్ల దగ్గకుండా నేలమీద కూర్చుని ఆడుకుంటోంది.

అప్పుడు — మళ్ళీ అదే వాసన...

గోడ నుంచి కాదు. గుమ్మంలో ఇంటాయన, వేళ్ళ మధ్య వెలుగుతున్న సిగరెట్‌తో.

"ఏమ్మా, కనపడ్డాడా మీ దెయ్యం?" అని నవ్వాడు.

పిల్ల ఫ్రాకు అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలెత్తి అతన్నే చూసింది.

"ఇప్పుడే కనపడ్డాడు," అంది.